ఇనప పైపుకి నీళ్ళు

మార్చి 4

తమ్ముడికి అక్క రాస్తున్నది. ముందు నీ కాలెలా ఉందో జవాబు రాసి, తర్వాతే కింది సంగతులు చదువు.

ఎన్నెన్ని మేడలకి కరెంటు పని చేయించిన మనిషివి, నీ ఇంట్లో ఒక్క బల్బు మార్చబోయి స్టూలు మీద నుంచి పడ్డావంటే ఎవరికి చెప్పుకోను. మరదలు ఫోన్లో చెప్తున్నప్పుడు ఏడుస్తోందో నవ్వుతోందో నాకు అంతుపట్టలేదు. కట్టు విప్పేదాకా కదలకు. బల్బు జోలికి అసలు పోకు.

నేను నీ ఫోను ఎత్తడం లేదని కోపంగా ఉన్నావట. కోపం పెట్టుకోకురా. నీ గొంతూ మా అబ్బాయి గొంతూ ఒకటే, మేనమామ పోలిక అని వాడికి గొంతు మారిన రోజు నుంచీ అందరూ అన్నదే. నువ్వు ఫోన్లో ముందు "హలో" అంటావు, ఆ తర్వాత "అక్కా" అంటావు. ఆ హలోకి నా ప్రాణం లేచి కూర్చుంటుంది. అక్కా అనగానే మళ్ళీ కూలబడుతుంది. రోజూ లేచి కూలబడే ఓపిక నాకు లేదు. ఉత్తరానికయితే గొంతుండదు. నా అక్షరాలు కోడి గీకినట్టున్నా నువ్వు చదవగలవు, చిన్నప్పుడు నీ పలక మీద దిద్దించింది నేనే.

వాడు పోయి ఏడాది తిరగబోతోంది. అందరూ అదే అడుగుతారు, కరెంటు పనివాడు కదా, కరెంటేనా అని. కాదండీ, కరెంటు వాణ్ణి ఎప్పుడూ ముట్టుకోలేదు, జ్వరం ముట్టుకుంది అని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది.

కానీ తమ్ముడూ, వాడు పోతూ పోతూ నాకు రెండు పనులు చేసిపెట్టి పోయాడు. బట్టలారేసుకోడానికి తీగ కట్టరా అని నేను ఎన్నాళ్ళు పోరానో నీకు తెలుసు. పెరట్లో ఒక నిమ్మమొక్క వెయ్యాలి, గొయ్యి తవ్వరా అని కూడా. సరే సరే అనేవాడు. చివరికి రెండూ చేశాడు. నాకు చెప్పనైనా లేదు. తర్వాత చూసుకుని ఆ గోతి గట్టు మీదే కూర్చుని ఏడ్చాను. ఇప్పుడు తీగ నిండా బట్టలు, గోతిలో నిమ్మమొక్క. కొత్త చిగురేసింది.

ముందు గదిలో అద్దెకున్న దర్జీ క్షేమం. ఈమధ్య ఎందుకో పాత బట్టల మూట మీద నిలబడి ఇస్త్రీ చేస్తున్నాడు. అడిగితే, "అమ్మగారూ, నేను చొక్కాని ఇస్త్రీ చేస్తుంటే అది నన్ను ఇస్త్రీ చేస్తోందండీ" అన్నాడు. వేళాకోళం మనిషి.

నాకు కూడా ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే మోచేతి దాకా చిన్నగా గిల్లినట్టుంటుంది. కంగారు పడకు, బాగానే ఉంటుంది.

ఎండాకాలం సెలవులకి కోడలు పాపని తీసుకుని వస్తానంది. అదే మన బొంగరం. ఒక్కచోట నిలిస్తే ఒట్టు.

కాలు జాగ్రత్త అంటూ,
అక్క


మార్చి 11

అక్కా,

కాలు బాగానే ఉంది. ఉత్తరం మాత్రం బాగాలేదు.

నీకు ఎన్నిసార్లు ఫోన్ చేశానో నీ ఫోనునే అడుగు. ఫ్రిజ్ గిల్లడం బాగానే ఉంటుందని రాసిన మనిషిని నా జన్మలో నిన్నొక్కదాన్నే చూశాను. పైన రాసిందంతా చదివి, చివర్లో ఆ ముక్క చూసి మంచం దిగబోయాను. కాలికి కట్టుందన్న సంగతి దిగాక గుర్తొచ్చింది.

అది షాక్, అక్కా. ఫ్రిజ్ లోపల ఎక్కడో తీగ తొడుగు పాడై, కరెంటు దాని ఒంటికి తగులుతోంది. దర్జీ ఇస్త్రీపెట్టె కూడా కొడుతోందంటే, ఇంట్లో ఎర్త్ లేదన్నమాట.

నీకర్థమయ్యేలా చెప్తాను. కరెంటు పశువులాంటిది. కట్టుగొయ్యకి ఉన్నంతసేపూ పని చేసిపెడుతుంది. తాడు తెంచుకుంటే దారి కోసం వెతుకుతుంది. దానికి కావలసింది భూమిలోకి పోవడమే. అందుకని ఇంట్లో ప్రతి ఇనప సామానుకీ ఒక తీగ కట్టి, అన్నీ కలిపి గోడ బయటికి తెచ్చి, గోతిలో పాతిన పైపుకి బిగిస్తారు. దారి తప్పిన కరెంటు ఆ తీగ వెంట మట్టిలోకి పోతుంది. దానికా దారి లేకపోతే ముట్టుకున్నవాళ్ళ మీదుగా పోతుంది. ఇప్పుడు నీ మీదుగా పోతోంది.

వాడు, అదే మన టెస్టర్‌గాడు, మీ ఇంటి వైరింగు మార్చినప్పుడు ఎర్త్ తీగ బయటికి తీశాననే నాతో అన్నాడు. గొయ్యి కూడా తవ్వే ఉంటాడు. కాబట్టి చెప్పినట్టు చెయ్యి. ఒకటి, రబ్బరు చెప్పులు లేకుండా ఫ్రిజ్ ముట్టుకోవద్దు. రెండు, వెనక గోడలోంచి లావుపాటి ఇనప తీగ ఒకటి బయటికొచ్చి ఉంటుంది, వెతుకు. మూడు, దాని దగ్గర్లో గొయ్యి ఉంటుంది, అదీ వెతుకు. నాలుగు, దొరికితే వాటిని ముట్టుకోకుండా నాకు రాయి.

మా వైర్‌మన్ ఒకాయన ఉన్నాడు, టార్చి అంటాం, పగలు కూడా చేతిలో టార్చిలైటు ఉంటుంది. సైటు పని కాస్త తెమలగానే పంపిస్తాను.

మంచం మీద నుంచి,
తమ్ముడు

వదినా, ఈయన మంచం మీద నుంచే దేశం మొత్తానికి ఎర్త్ వేస్తున్నాడు. నిన్న నా మిక్సీకి ఉపన్యాసమిచ్చాడు. నువ్వు మాత్రం చెప్పులేసుకో. – మరదలు


మార్చి 19

తమ్ముడికి, మరదలి మిక్సీకి కూడా, అక్క దీవెనలు.

నువ్వు రాసినట్టే వెతికాను. నేనూ దర్జీ కలిసి వెనక గోడ పొడుగునా చూశాం. నువ్వన్న తీగ ఎక్కడా లేదు. ఉన్నదల్లా నా బట్టల తీగ. అదీ గోడలోంచే వస్తుందనుకో, లావుగానే ఉంటుంది, కానీ అది బట్టలది. చుట్టచుట్టి ఉంటే నేనే విప్పి ఎదుటి కొక్కేనికి ప్లాస్టిక్ తాడుతో లాగి కట్టాను. గొయ్యి కూడా వేరే ఏమీ లేదు, నిమ్మమొక్కది తప్ప. నువ్వు చెప్పే గొయ్యి తవ్వకుండానే పోయినట్టున్నాడు పాపం. దర్జీ ఏదో అనబోయి, తీగ వంక చూసి, నా వంక చూసి, "కుట్టు పనుందండీ" అని లోపలికి పోయాడు.

చెప్పులు కూడా వేసుకున్నాను. వాడి రబ్బరు చెప్పులే, గుమ్మం పక్కన అలాగే ఉన్నాయి. నా కాలికి పడవల్లా ఉంటాయి. అవేసుకుని ఫ్రిజ్ తలుపు తీశాను. ఏమీ లేదు. మర్నాడూ తీశాను. ఏమీ లేదు. పాలకని వెళ్ళి పాలు తియ్యకుండానే తలుపు మూసి వచ్చాను.

ఇప్పుడొక సంగతి రాస్తాను, నవ్వకు. మరదలికి చదివి వినిపించకు.

చిన్నప్పుడు నేను పొయ్యి దగ్గర నిలబడి ఉంటే వాడు వెనక నుంచి పిల్లిలా వచ్చి మోచేతి మీద గిల్లి పారిపోయేవాడు. పెళ్ళయ్యాక కూడా మానలేదు. "నలభై ఏళ్ళొస్తాయిరా నీకు" అంటే, "అప్పుడు నలభై ఏళ్ళ గిల్లుడు గిల్లుతానమ్మా" అనేవాడు. వాడు పోయాక కొన్నాళ్ళకి ఒకరోజు ఫ్రిజ్ తలుపు తీస్తుంటే సరిగ్గా అక్కడే గిల్లింది. అదే మోచెయ్యి. నేను వెనక్కి తిరిగి చూశాను కూడా. తర్వాత వాషింగు మిషను దగ్గర. తర్వాత తడి చీర తీగ మీద వేస్తుంటే. ఇల్లంతా తిరుగుతున్నాడు తమ్ముడూ. వాడు వేసిన వైరింగే కదా. ఎక్కడికి పోతాడు?

అందుకని చెప్పులు గుమ్మం దగ్గరే విప్పి పెట్టేశాను. ఇప్పుడు మళ్ళీ పలుకుతున్నాడు.

నువ్వు చదువుకున్నవాడివి, నీ లెక్కలు నీకుంటాయి. నాకు మటుకు ఇంతే తెలుసు.

కాలు కింద దిండు పెట్టుకో.
అక్క


మార్చి 26

అక్కా,

నువ్వు బట్టలారేస్తున్నది ఎర్త్ తీగ మీద. నువ్వు నిమ్మమొక్క పెట్టింది ఎర్త్ గోతిలో.

వాడు నీకు బట్టల తీగ కట్టలేదు. మొక్కకి గొయ్యి తవ్వలేదు. పైపు తెచ్చి దించుదామనుకున్నాడు, ఈలోగా జ్వరం వచ్చింది. ఆ తీగ ఫ్రిజ్‌కీ, మిషనుకీ, ఇస్త్రీపెట్టె ప్లగ్గుకీ అన్నిటికీ కలిసి ఉంది. ఫ్రిజ్‌లో దారి తప్పిన కరెంటు మట్టిలోకి పోవలసింది పోయి, మట్టి అందక నీ లంగాలూ చీరలూ పట్టుకుని వేలాడుతోంది. నా సర్వీసులో ఎర్త్ లేని ఇల్లు చూశాను, ఎర్త్ తెగిన ఇల్లు చూశాను, ఎర్త్ మీద దుప్పట్లు ఆరేసిన ఇల్లు ఇప్పుడే చూస్తున్నాను.

అది వాడు కాదు. కరెంటు. వెంటనే మెయిన్ స్విచ్ దించు. టార్చి ఈ శనివారం వస్తాడు. మొక్క పీకేసి, పైపు దించి, బొగ్గూ ఉప్పూ పోసి, తీగ బిగించి వస్తాడు. చెప్పినట్టు విను.

తమ్ముడు


ఏప్రిల్ 3

తమ్ముడికి,

నీ టార్చి వచ్చాడు. మంచివాడు. భోజనం పెట్టాను, రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు. పెరట్లో చెయ్యి తుడుచుకోడానికి తీగ మీది తువ్వాలు లాగి, "అమ్మా" అని ఎగిరాడు. నాకు నవ్వాగలేదు, చాన్నాళ్ళకి. ఆ తర్వాత స్క్రూడ్రైవరు తీశాడు. లోపల పెట్టుకో నాయనా అన్నాను. సార్ చెప్పారండీ అన్నాడు. మీ సార్ మంచం మీదున్నాడు, నేను గుమ్మం మీదున్నాను, ఎవరి మాట వింటావు అన్నాను. పాపం టార్చి వేసి నా మొహం వంక ఒకసారి, నిమ్మమొక్క వంక ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

ఇక నీ ఉత్తరం. తీగ నాది కాదన్నావు. గొయ్యి నాది కాదన్నావు. గిల్లింది వాడు కాదన్నావు. ఒక్క కాగితంలో మూడూ లాక్కున్నావు. కార్డు మీద రాసినా సరిపోయేది.

నువ్వే రాశావు కదా, ఎర్త్ పెడితే ఇంట్లో తిరిగేదంతా మట్టిలోకి పోతుందని. వాణ్ణి ఒకసారి మట్టికిచ్చాం. నువ్వూ ఒక చెయ్యి వేశావు. మళ్ళీ ఇవ్వమంటావా? ఈసారి బొగ్గూ ఉప్పూ వేసి మరీనా?

మెయిన్ దించను. నాకింక ఉత్తరాలు రాయొద్దు. రాసినా కాలు సంగతి ఒక్కటే రాయి.

అక్క


ఏప్రిల్ 12

అక్కా,

కాలు: కట్టు విప్పారు. కర్ర పట్టుకుని వరండా దాకా నడుస్తున్నాను. నీ మరదలు వెనకాలే స్టూలు దాచుకుంటూ తిరుగుతోంది.

రాయమన్నది అయిపోయింది. ఇక రాయొద్దన్నది రాస్తున్నాను.

ఆ ఉత్తరం అలా రాయాల్సింది కాదు. సైటు మీద మేస్త్రీకి రాసినట్టు రాశాను. నీ మరదలు చదివి నాతో రెండు పూటలు మాట్లాడలేదు. మూడో పూట మాట్లాడింది, మాట్లాడకపోయినా బాగుండేది.

నిన్ను గిల్లేది వాడా కాదా అని నీతో వాదించను. వాడి టెస్టరు నా జేబులోనే ఉంది, కోడలిచ్చింది. మంచం మీద కూడా జేబులోంచి తియ్యను. దాంతో ఏ పనీ చెయ్యను. అలాంటివాణ్ణి నేను నీకేం చెప్తాను.

నా భయం వానలకి. ఇప్పుడు నేల ఎండి ఉంది కాబట్టి గిల్లుతోంది. వాన పడి నేల తడిస్తే గిల్లదు, పట్టుకుంటుంది. పట్టుకుంటే వదలదు. ఈలోగా పాప వస్తోంది. దాని కాళ్ళకి చెప్పులు నిలుస్తాయా? నువ్వే ఆలోచించు.

ఇంకొక్కటి. వాడు ఏ ఇంట్లో పని ముగించినా చివర్లో ఇంటావిణ్ణి పిలిచి, "ఫ్రిజ్ మీద చెయ్యి పెట్టండమ్మా" అనేవాడు. ఆవిడ భయపడుతూ పెట్టేది. ఏమనిపించిందండీ అంటే, ఏమీ అనిపించలేదు బాబూ అనేది. "ఏమీ అనిపించకపోవడమే నా పనండీ" అని నవ్వి సామాన్లు సర్దుకునేవాడు. నేను పక్కన నిలబడి ఎన్నిసార్లు విన్నానో. నీ ఇంట్లో ఆ మాట అనే వంతు రాలేదు వాడికి.

రాయొద్దన్నావు కాబట్టి ఇంక రాయను. జవాబు కోసం మాత్రం చూస్తాను.

తమ్ముడు


మే 9

తమ్ముడూ,

బొంగరం క్షేమం. ముందు అది రాశాను, ఇక ఊపిరి పీల్చుకుని చదువు.

కోడలూ అదీ మొన్న వచ్చారు. వచ్చీ రాగానే ఇల్లంతా గింగిరాలు. నేను ముందే చెప్పాను, ఫ్రిజ్ జోలికి వెళ్ళకమ్మా, ఏం కావాలన్నా నేనిస్తాను అని. వాడి రబ్బరు చెప్పులు దానికి తొడిగాను కూడా. రెండు కాళ్ళూ ఒకే చెప్పులో పట్టాయి. నవ్వుకున్నాం. నీ ఉత్తరం దిండు కింద ఉంది, నేనేమీ మర్చిపోలేదు. కానీ నేనున్నాను కదా, చూసుకుంటాను అనుకున్నాను. నువ్వు రాశావు చూడు, దాని కాళ్ళకి చెప్పులు నిలుస్తాయా అని. నిలవలేదు.

నిన్న స్నానం చేయించి, తువ్వాలు తేవడానికి పక్కకి తిరిగాను. ఇంతలో అది తడి కాళ్ళతో ఐసు కోసం పరిగెత్తింది. కెవ్వున కేక. నేను వెళ్ళేసరికి వంటింట్లో నేల మీద చతికిలబడి ఉంది. చెయ్యి విసిరికొట్టింది కాబట్టి సరిపోయింది. అరచెయ్యి చూశాను, వేళ్ళు చూశాను, గుండె మీద చెవి పెట్టి విన్నాను. ఏమీ కాలేదు. అది ఏడుపు మింగి, ఫ్రిజ్‌కి వేలు చూపించి, "నాయనమ్మా, ఇది నన్ను కొట్టింది" అంది.

తమ్ముడూ, ఆ మాటతో నాకు తేలిపోయింది.

వాడు దాన్ని ఎన్నడైనా ఒక దెబ్బ వేశాడా? దాని గోళ్ళు తియ్యడానికే చేతులు వణికేవి, బయట అంత పెద్ద స్తంభాలెక్కే మనిషికి. అన్నం తినకపోతే కోడలు కసిరితే, వీడు కోడలి మీద అలిగి తనూ మానేసేవాడు. వాడు నన్ను గిల్లాడంటే నమ్ముతాను. దాన్ని కొట్టాడంటే ఎవరు చెప్పినా నమ్మను. కాబట్టి అది వాడు కాదు. ఎవరో వాడి పేరు పెట్టుకుని ఇన్నాళ్ళూ నా ఇంట్లో తిరుగుతున్నారు.

లేచి మెయిన్ దించేశాను. ముందు గదిలో దర్జీ కుట్టు ఆగిపోయింది. పరిగెత్తుకొచ్చాడు. విషయం చెప్తే తల గోక్కున్నాడు. "అది ఎర్త్ తీగని నాకు ముందే తెలుసమ్మగారూ. మీరంత సంబరంగా బట్టలారేస్తుంటే చెప్పడానికి నోరు రాలేదు" అన్నాడు. చెప్తే సరిపోయేది తమ్ముడూ. చెప్పకపోబట్టి మూట మీద నిలబడ్డాడు ఇన్నాళ్ళూ. కోడలు తీగ మీది బట్టలు తీసి ఒకటొకటే మడతపెట్టింది. "ఆయన ఆదివారం పైపు దించుతానన్నారు అత్తయ్యా" అంది, అంతే. ఆ ఆదివారం మాట నాకు తెలియదు. కోడలి దగ్గరే ఉండిపోయింది.

పాప మళ్ళీ అడిగింది, "మా నాన్న కరెంటాయన కదా, మరి నన్నెందుకు కొట్టింది?" అని. నాన్న పని ఇంకా కొంచెం మిగిలిపోయిందమ్మా, మనం పూర్తి చేద్దాం అన్నాను.

టార్చిని పంపు. ఈసారి స్క్రూడ్రైవరు తియ్యనిస్తాను. ఉక్కలో విసనకర్రలు పట్టుకుని కూర్చున్నాం. దర్జీ తొక్కుడు మిషను బయటికి తీశాడు, తిట్టుకుంటూ కుడుతున్నాడు. తొందరగా పంపు.

అక్క


మే 13

అక్కా,

టార్చి ఈ ఉత్తరంతోపాటే బయల్దేరుతున్నాడు, ముందు ఎవరు చేరితే వాళ్ళ మాట విను. తువ్వాలు మాత్రం ఇంట్లోంచే ఇమ్మంటున్నాడు.

మెయిన్ దించినందుకు నిన్ను మెచ్చుకోకుండా ఉండలేను. నేనూ వద్దామనుకున్నాను. డాక్టరు ఒప్పుకున్నాడు, నీ మరదలు ఒప్పుకోలేదు.

నిమ్మమొక్కని పీకక్కర్లేదు. వేళ్ళతో సహా మట్టిగడ్డ తీసి దూరంగా నాటండి, ఎర్త్‌కి పోసే ఉప్పు దానికి పడదు. గోతిలో పైపు నిలబెట్టి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు, మళ్ళీ బొగ్గు, అలా నింపాలి. ఆ పని నువ్వు చెయ్యి. పైపు పైన గరాటు పెడతాడు, అందులోంచి నీళ్ళు పొయ్యాలి. మట్టి తడిగా ఉంటేనే దారి బాగుంటుంది. ఎండాకాలమంతా రోజూ ఒక బిందె పొయ్యాలి, మర్చిపోతే మళ్ళీ మొదటికొస్తుంది.

చివర్లో టార్చి ఒక బల్బు తెచ్చి చూపిస్తాడు. ఒక తీగ కరెంటుకి, రెండోది పైపుకి పెడతాడు. ఎర్త్ మంచిదైతే బల్బు నిండుగా వెలుగుతుంది. నువ్వు దూరంగా నిలబడి చూడు. పాపని ఎత్తుకో.

తమ్ముడు

వదినా, డాక్టరు అన్నది "వెళ్తే మళ్ళీ కట్టు కడతా" అని. దాన్ని ఈయన ఒప్పుకున్నాడు అంటున్నాడు. – మరదలు


మే 22

తమ్ముడికి, డాక్టరు మాట వినమని చెప్పి దీవిస్తున్న అక్క.

నీ ఉత్తరం కంటే టార్చే ముందొచ్చాడు. వచ్చి గుమ్మంలో నిలబడి, "స్క్రూడ్రైవరు తియ్యొచ్చాండీ" అని అడిగి తీశాడు.

నిమ్మమొక్కని గోడవారకి మార్చాం. ఒక రోజు వాడింది, నా మీద అలిగినట్టు. మర్నాటికి నిలబడింది. తీగని కొక్కెం నుంచి నేనే విప్పాను. ఎన్నాళ్ళు మోసిందో పాపం ఆ తీగ, నా చీరల బరువు. దర్జీ తన మూటలోంచి తాడు తీసి కొత్త బట్టల తీగ కట్టాడు. వంకరగా ఉంది. వంకరని చెప్తే, "నేను బట్టలు కుడతానండీ, తీగలు కాదు" అన్నాడు.

గోతిలో పైపు దించారు. బొగ్గు నేను పోశాను, ఉప్పు పాప పోసింది. పోస్తూ వేలు నోట్లో పెట్టుకుని రుచి చూసి, "సరిపోయింది నాయనమ్మా" అంది. టార్చి కూడా నవ్వాడు. నేను ఆ గోతిలోకి గుప్పిళ్ళతో పోస్తుంటే నాకు వాడి మీద మట్టి పోసిన రోజు గుర్తొచ్చింది. చేతులాగిపోయాయి. కోడలు పక్కన కూర్చుని తనూ ఒక గుప్పెడు తీసుకుంది. ఇద్దరం కలిసి నింపేశాం.

ఆ తర్వాత మెయిన్ వేసి బల్బు పరీక్ష. ఒక తీగ బోర్డుకి, ఒకటి పైపుకి. వెలిగింది గానీ, పొయ్యిలో ఆరిపోయే నిప్పులా ఎర్రగా, ఉండీ లేనట్టు. ఇంతేనా అన్నాను. టార్చి తాపీగా, "మట్టి ఎండిపోయుందండీ, నీళ్ళు పొయ్యండి" అన్నాడు. పాపని కోడలికిచ్చి, చెప్పులేసుకుని, పైపుకి తగలకుండా బిందె ఎత్తి గరాటులో పోశాను. గుడగుడమని తాగింది. ఇంకో బిందె పోశాను. పోస్తుండగానే బల్బు పసుపుగా మారింది తమ్ముడూ, తర్వాత తెల్లగా. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా కళ్ళకి గుచ్చుకునేంతగా. ఒక తీగ మట్టిలోకే పోయి ఉంది, ఇంకెక్కడికీ కాదు. మట్టికిస్తే ఇక పోయినట్టే అనుకున్నాను ఇన్నాళ్ళూ. నాకప్పుడు ఏమనిపించిందో రాయడం చేతకాదు. పాప చప్పట్లు కొట్టింది, దర్జీ కూడా.

తర్వాత ఎర్త్ తీగ బిగించి, ఫ్రిజ్‌ని గోడ దగ్గర్నించి ముందుకి లాగగానే ఫ్యూజు టప్పున పోయింది. నేను కంగారు పడితే టార్చి, "భలే, ఎర్త్ పని చేస్తోంది" అని సంతోషపడ్డాడు. మీ పనివాళ్ళ సంతోషాలు నాకర్థం కావు. వెనక చూస్తే ఏముందనుకున్నావు? తీగ తొడుగు ఎలుక కొరికి పెట్టింది. రాగి బయటపడి ఫ్రిజ్ ఒంటికి తగులుతోంది. ఇన్నాళ్ళూ నన్ను పలకరించింది ఎలుక చేసిన పని. నేను దానికి గిల్లరా నాయనా అని మోచెయ్యి కూడా ఇచ్చాను. కోడలు కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. కాసేపటికి నేనూ వెళ్ళాను. ఇద్దరం ఆ పాత్రల మధ్య కూర్చుని కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాం. వాడుంటే ఈ సంగతి ఊరంతా చెప్పి నా పరువు తీసేవాడు.

తీగ మార్చి, మళ్ళీ మెయిన్ వేశాక టార్చి సామాన్లు సర్దుకోబోతుంటే ఆగు నాయనా అన్నాను. చెప్పులు విప్పాను. కాళ్ళు తడుపుకుని వచ్చి ఫ్రిజ్ మీద అరచెయ్యి పెట్టాను. చాలాసేపు ఉంచాను. "ఏమనిపించిందండీ?" అని అడిగాడు. నువ్వు చెప్పిపంపావో, అందరూ అలాగే అడుగుతారో.

ఏమీ అనిపించలేదు అన్నాను.

పాప కూడా పెట్టింది. దానికీ ఏమీ అనిపించలేదు. నాన్న పని అయిపోయిందా అని అడిగింది. అయిపోయిందమ్మా అన్నాను. వెళ్ళేటప్పుడు వాడి చెప్పులు దానికే ఇచ్చి పంపాను, పెద్దయ్యాక సరిపోతాయి.

ఇప్పుడు రోజూ పొద్దున్నే బిందెతో నీళ్ళు పోస్తున్నాను. ఇదివరకు వాడే నా దగ్గరికి వస్తున్నాడనుకునేదాన్ని. ఇప్పుడు నేనే వెళ్తున్నాను. రెండు మాటలు చెప్పి వస్తాను. మట్టి గిల్లదు, వింటుంది. పక్కింటావిడ గోడ మీదుగా చూసి, ఏం మొక్క వేశావంది. ఇనప పైపు అన్నాను. ఎప్పుడు కాస్తుందీ అంది. కాసిందండీ, మా ఇంట్లో అందరం తిన్నాం అన్నాను. ఆవిడింక ఏమీ అడగలేదు. దర్జీని మాత్రం నాకు ఒంట్లో బాగానే ఉందా అని అడిగిందట.

సరే, కాగితం అయిపోవచ్చింది. ఆదివారం ఫోన్ చెయ్యి. ఎత్తుతాను. హలో అనే ముందు కాస్త ఆగు, నేను కుర్చీ లాక్కుని కూర్చోవాలి. ఆ తర్వాత అను.

అక్క